మంగళగిరి చీరల మెయిళ్లకు సబ్జెక్టు లైన్లు ఎలా రాయాలి? సలహాలు కోరుతున్నాను

గుంటమగ్గం

అందరికీ నమస్కారం. మంగళగిరిలో మాది కుటుంబ వ్యాపారం. సొంత మగ్గాల మీద కొంత, చుట్టుపక్కల నేత కుటుంబాల చేత కొంత నేయించి, ప్రదర్శనల్లోనూ మా వెబ్‌సైటు ద్వారానూ చీరలు అమ్ముతాము. ప్రదర్శనల్లో కొని పుస్తకంలో తమ ఈమెయిల్ రాసి వెళ్లినవారు, వెబ్‌సైటులో తమంతట తాము నమోదు చేసుకున్నవారు కలిసి దాదాపు మూడు వేల మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన తెలుగువారే. నెలకు రెండు మెయిళ్లు పంపుతున్నాము. లోపల ఫొటోలు, నూలు నంబరు (దారం ఎంత సన్ననిదో తెలిపే అంకె), అంచు వివరాలు, ధరలు అన్నీ శ్రద్ధగా పెడతాము. తెరిచి చూసినవారు తరచుగా కొంటున్నారు కూడా; తెరిచేవారే తక్కువ. ఈమధ్య పంపిన సబ్జెక్టు లైన్లు ఇవి:

ఈ అద్భుత అవకాశాన్ని అస్సలు వదులుకోకండి!
జాతీయ చేనేత దినోత్సవ శుభాకాంక్షలు
మీ కోసం ఒక ప్రత్యేక కానుక ఎదురుచూస్తోంది
ఈ ఆదివారం అర్ధరాత్రి వరకు మాత్రమే మా వద్ద ఉన్న అన్ని మంగళగిరి పట్టు చీరలపై ఇరవై శాతం తగ్గింపు

వీటిలో ఏది ఎందుకు పనిచేయడం లేదో, ఎలా మార్చాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

కాపీరాత

గుంటమగ్గం గారూ, మీరు లైన్లను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టడం వల్ల మాట్లాడటం తేలికైంది. పంపినవారి పేరును వేలితో మూసి మొదటి మూడు లైన్లను మళ్లీ చదవండి. అవి చీరల దుకాణం పంపినవో, బీమా కంపెనీ పంపినవో, సెల్‌ఫోన్ షోరూము పంపినవో చెప్పగలమా? ఎవరైనా పంపగలిగిన లైనును ఎవరూ తమకోసమే వచ్చిందని అనుకోరు. అవకాశం, ప్రత్యేకం, కానుక, అద్భుతం అనే మాటలు రోజుకు పది మెయిళ్లలో కనబడుతున్నప్పుడు కన్ను వాటిమీద ఆగడం మానేస్తుంది.

చేనేత దినోత్సవం సంగతి మరీ ముఖ్యం. 1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమాన్ని తలచుకుంటూ 2015 నుంచి ఆ రోజును జరుపుకుంటున్నాము. ఆ రోజు చీరలతో సంబంధం ఉన్న ప్రతి దుకాణమూ, ప్రతి సహకార సంఘమూ ఇవే శుభాకాంక్షలు పంపుతాయి. ఏడాదిలో మీ మెయిలు అన్నిటికంటే ఎక్కువ గుంపులో కలిసిపోయే రోజున మీరు అందరూ వాడే మాటనే ఎంచుకున్నారు. నిజానికి ఆ మెయిలు లోపల ఏముంది?

నాలుగో లైనులో మాత్రం విషయం ఉంది. అయితే అది ఎవరికీ కనబడలేదు. ఫోనులో ఇన్‌బాక్స్ చూసేవారికి తెలుగులో నాలుగైదు మాటల కంటే ఎక్కువ కనబడవు. మీ లైను వారికి ‘ఈ ఆదివారం అర్ధరాత్రి వరకు మాత్రమే...’ అని ఆగిపోయి ఉంటుంది. తెలుగు వాక్యం తీరే అంత: ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్నవన్నీ ముందు వచ్చి, అసలు మాట చివరికి చేరుతుంది. మాట్లాడేటప్పుడు అది అందమే, ఎందుకంటే వినేవారు వాక్యం పూర్తయ్యేదాకా ఉంటారు. సబ్జెక్టు లైనులో చివర ఉన్నది లేనట్టే లెక్క. అందుకని వాక్యాన్ని తిప్పి రాయడం అలవాటు చేసుకోవాలి: ‘మంగళగిరి పట్టుపై 20% తగ్గింపు, ఆదివారం దాకా’. మీరు చెప్పదలచినదంతా ఇందులో ఉంది, ఎక్కడ తెగినా ముఖ్యమైన భాగం మిగులుతుంది.

గుంటమగ్గం

కాపీరాత గారికి ధన్యవాదాలు. చేనేత దినోత్సవం మెయిలులో మా దగ్గర ఒకే పడుగు (మగ్గానికి ఎక్కించిన నిలువు దారాలు) మీద దిగిన ఆరు చీరల గురించి రాశాము. 80వ నంబరు నూలు, పచ్చిమామిడి రంగు ఒళ్లు, మెరూన్ నిజాం అంచు. ఆ పడుగు అయిపోయింది. మళ్లీ అదే రంగు కావాలంటే నూలుకు కొత్తగా అద్దకం వేయించి పడుగు పోయించాలి, అప్పుడు కూడా ఛాయ కొద్దిగా తేడా వస్తుంది.

కాపీరాత

మీ సబ్జెక్టు లైను ఇదే కదా! ‘పచ్చిమామిడి రంగు, నిజాం అంచు: ఈ పడుగు మీద ఆరు చీరలే’. ఇంత మంచి సంగతి లోపల ఉండగా తలుపు మీద శుభాకాంక్షలు ఎందుకు? నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. మెయిలు మొత్తం రాసిన తరువాత, ఇందులో మరే దుకాణమూ రాయలేని వాక్యం ఏది అని వెతుకుతాను. అది దాదాపు ఎప్పుడూ రంగు, కొలత, ఊరు, తేదీ, ధర వంటి ఒక ఖచ్చితమైన వివరం దగ్గరే దొరుకుతుంది. దానిని కుదించి పైన పెడితే చాలు. సబ్జెక్టు లైనును ముందుగా రాసి దానికోసం మెయిలు వెతుక్కునేవారికే అద్భుతం, ప్రత్యేకం అనే మాటలు అవసరమవుతాయి.

తపాలాపెట్టె

కాపీరాత గారి మాటను చాలావరకు ఒప్పుకుంటూనే ఒక చిన్న భేదాభిప్రాయం తెలుపుతున్నాను. అన్నీ పైనే చెప్పేస్తే తెరవవలసిన అవసరం ఏముంటుంది? కుతూహలానికీ చోటు ఉండాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో కుతూహలం గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఉన్న ఖాళీ మన దృష్టికి వచ్చినప్పుడే కుతూహలం పుడుతుందని ఆయన వాదన. అంటే కొంత తెలిసి ఉండాలి, కొంత తెలియకుండా ఉండాలి. ‘మీ కోసం ఒక కానుక’ అన్నదానిలో తెలిసిన భాగమే లేదు కాబట్టి అది ఎవరినీ కదిలించదు.

మంగళగిరి మగ్గాన్నే తీసుకుందాము. ‘మగ్గం కింద గుంట ఎందుకు తవ్వుతారు?’ అని సబ్జెక్టు లైను పెడితే, చిన్నప్పుడు గుంట మగ్గాన్ని చూసినవారికి తాము చూసి కూడా అడగని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. లోపల జవాబు ఉండాలి: నేతగాడి కాళ్లూ, తొక్కుడు చెక్కలూ ఆ గుంటలో ఉంటాయి, పడుగు నేలకు దగ్గరగా ఉండటంతో నేల తేమ తగిలి సన్నటి నూలు తెగడం తగ్గుతుంది. జవాబు చదివినవారికి ఆ కిందనే ఉన్న చీర ఫొటో వేరేగా కనబడుతుంది.

కాపీరాత

తపాలాపెట్టె గారూ, మీ ఉదాహరణ చాలా బాగుంది, ఎందుకంటే అది కూడా ఖచ్చితమైన వివరం మీదే నిలబడింది. నా అభ్యంతరం ఒక్కటే. కథ చెప్పే మెయిలుకు ప్రశ్న సరిపోతుంది. సరుకు, ధర, గడువు చెప్పే మెయిలుకు సరిపోదు. తగ్గింపు ఉందని తెలిస్తే తెరిచేవారిని ప్రశ్న వెనక దాచిన తగ్గింపు దగ్గరకు రప్పించలేము. నెలకు రెండు మెయిళ్లు అంటున్నారు కాబట్టి ఒకటి కథకూ ఒకటి సరుకుకూ కేటాయించుకోవచ్చు.

డాలస్‌అక్క

నేను అమ్మే మనిషిని కాను, ఇలాంటి మెయిళ్లు అందుకునే మనిషిని. చీరలు, పచ్చళ్లు, పిండివంటలు పంపే దుకాణాల నుంచి నాకు వారానికి ఎన్నో మెయిళ్లు వస్తాయి. వాటిలో ఏవి తెరుస్తానో, ఏవి తీసేస్తానో చెబితే మీకు పనికొస్తుందేమో.

అన్నిటికంటే ముందు నేను చూసేది పంపినవారి పేరు. లోగడ కొన్న చీర బాగుంటే, సబ్జెక్టు లైను సాదాగా ఉన్నా తెరుస్తాను. పేరు స్థానంలో ‘నో రిప్లై’ అనో, ‘సేల్స్ టీమ్’ అనో ఉంటే ఎవరో గుర్తు రాదు. రెండవది భాష. నా ఇన్‌బాక్స్ అంతా ఇంగ్లీషే కాబట్టి తెలుగు లిపిలో ఒక లైను కనబడితే కన్ను దానంతట అదే ఆగుతుంది. అయితే ఇక్కడ పుట్టి పెరిగిన మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, చీరలు మాత్రం తనే ఎక్కువగా ఎంచుతుంది. నమోదు చేసుకునేటప్పుడే ఏ భాషలో కావాలో అడిగితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

నాకు బాగా కోపం తెప్పించే రకం ఒకటుంది. ఒక దుకాణం నుంచి ‘మీ ఆర్డర్ గురించి ముఖ్య సమాచారం’ అని వచ్చింది. దారిలో ఉన్న పార్సిల్‌కు ఏమైందోనని కంగారుగా తెరిస్తే, లోపల కొత్త సరుకు ప్రకటన. ‘రీ:’ అని ముందు తగిలించి, నేనేదో రాస్తే జవాబిచ్చినట్టు నటించేవి కూడా వస్తున్నాయి. అవి తెరుస్తాను, నిజమే. ఆ తరువాత ఆ దుకాణం పంపే దేనినీ తెరవను.

తెరిచి తీరే రకమూ ఒకటుంది. వరలక్ష్మీ వ్రతానికి చీర కావాలనుకుంటే మాకు ఉన్న బెంగ ఒక్కటే, సమయానికి చేరుతుందా లేదా అని. ‘వరలక్ష్మీ వ్రతానికి అమెరికా చేరాలంటే ఫలానా తేదీలోగా’ అని తేదీతో సహా రాస్తే పనిలో ఉన్నా ఆగి చూస్తాను. అది ప్రకటన అని కూడా అనిపించదు.

ఇంకొక మాట. మీరు ఉదయం పది గంటలకు పంపితే ఇక్కడ డాలస్‌లో వేసవిలో ముందు రోజు రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. తెల్లారేసరికి అది ఆఫీసు మెయిళ్ల కిందకు వెళ్లిపోతుంది. ‘ఈ ఆదివారం అర్ధరాత్రి’ అంటే ఎవరి అర్ధరాత్రో కూడా మాకు తెలియదు.

లెక్కలమాస్టారు

చర్చ బాగా సాగుతోంది. ఏది పనిచేస్తోందో తెలుసుకోవడం గురించి కొంత రాస్తాను.

సబ్జెక్టు లైన్లను పరీక్షించడంలో బాగా ప్రచారంలోకి వచ్చిన ఉదాహరణ 2012 నాటి ఒబామా ఎన్నికల ప్రచారం. విరాళాలు కోరే ప్రతి ముఖ్యమైన మెయిలుకూ వారు రకరకాల సబ్జెక్టు లైన్లు, పాఠాలు రాసి, కొన్నిసార్లు 18 రకాల దాకా, ముందుగా కొద్దిమంది మద్దతుదారులకు పంపి చూసి, గెలిచినదానిని మిగతా అందరికీ పంపేవారు. ఆ జూన్‌లో పంపిన ఒక మెయిలుకు గెలిచిన లైను ‘ఐ విల్ బీ అవుట్‌స్పెంట్’, అంటే ఎదుటివారు తనకంటే ఎక్కువ ఖర్చు పెట్టబోతున్నారని అధ్యక్షుడే చెప్పడం. దానికి 26 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. పరీక్షలో అన్నిటికంటే వెనకబడిన లైనునే అందరికీ పంపి ఉంటే నాలుగు లక్షల డాలర్ల చిల్లర మాత్రమే వచ్చేదని వారి అంచనా. ఏ లైను గెలుస్తుందో రాసినవారే సరిగ్గా ఊహించలేకపోయేవారు. ఒకసారి గెలిచిన ఉపాయం కూడా కొత్తదనం పోగానే వెనకబడేదట.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. వారు కొలిచింది ఎంతమంది తెరిచారన్నది కాదు, ఎంత డబ్బు వచ్చిందన్నది. వారి జాబితాలో లక్షల మంది ఉన్నారు. ఈ రెండోది మనకు లేదు. ఒక లైనును 20 శాతం మంది, మరొక లైనును 25 శాతం మంది తెరుస్తారనుకుందాము. ఆ తేడా యాదృచ్ఛికం కాదని సాధారణంగా వాడే ప్రమాణాల ప్రకారం తేల్చుకోవాలంటే ఒక్కొక్క గుంపులో సుమారు 1,100 మంది కావాలి. మూడు వేల జాబితాను సగం చేస్తే అది సాధ్యమే. కానీ తేడా 20కీ 22కీ మధ్య అయితే ఒక్కొక్క గుంపులో సుమారు 6,500 మంది కావాలి. అందువల్ల ఒక కామా మార్చి, ఒక బొమ్మ చేర్చి పరీక్షించడంలో గుంటమగ్గం గారికి ప్రయోజనం లేదు. పూర్తిగా వేరైన రెండు పద్ధతులను, ఉదాహరణకు ఖచ్చితమైన వివరాన్నీ కుతూహలపు ప్రశ్ననూ పక్కపక్కన పెట్టి, అదే పోలికను కొన్ని నెలల పాటు వరుస మెయిళ్లలో కొనసాగించి, ఫలితాలను కలిపి చూడాలి.

‘తెరిచినవారి శాతం’ అనే అంకెను కూడా కొంచెం అనుమానంగానే చూడాలి. మెయిలులో దాగి ఉన్న ఒక చిన్న చిత్రం లోడ్ అయితే తెరిచినట్టు లెక్క వేస్తారు. 2021 సెప్టెంబరులో ఐఫోన్ల సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన గోప్యతా సదుపాయం, వాడేవారు చూసినా చూడకపోయినా, ఆ చిత్రాలను ముందే తెచ్చి పెడుతుంది. మీ జాబితాలో సగం మంది అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నారు, అక్కడ ఐఫోన్లు చాలా ఎక్కువ. కాబట్టి మీ అసలు అంకె మీకు కనబడుతున్నదానికంటే తక్కువే అయి ఉంటుంది. లింకు నొక్కినవారినీ, జవాబు రాసినవారినీ, కొన్నవారినీ లెక్కపెట్టండి.

సర్వర్‌గది

పంపే యంత్రాంగం వైపు నుంచి కొన్ని మాటలు, ముఖ్యంగా తెలుగులో రాసేవారికి.

సబ్జెక్టు లైనులో ఇంగ్లీషు కాని అక్షరాలు ఉంటే వాటిని సంకేతాలుగా మార్చి పంపాలి. ఆ పద్ధతిని 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఈమెయిల్ ప్రమాణ పత్రం నిర్దేశిస్తుంది. దాని ప్రకారం ఒక్కొక్క సంకేతపు ముక్క 75 అక్షరాలకు మించకూడదు. తెలుగులో ప్రతి గుర్తూ (అక్షరం, గుణింతం, ఒత్తు ఒక్కొక్కటీ) కంప్యూటరు లెక్కలో మూడు బైట్లు తీసుకుంటుంది, సంకేతంగా మారాక ఇంకా పెరుగుతుంది కాబట్టి ఒక ముక్కలో సుమారు పదిహేను గుర్తులే పడతాయి; ‘మంగళగిరి చీరలు’ అన్న రెండు మాటలతోనే అది దాదాపు నిండిపోతుంది. మంచి సాఫ్ట్‌వేరు అక్షరం మధ్యలో తెగకుండా ముక్కలు చేస్తుంది. నాసిరకం సాఫ్ట్‌వేరు మూడు బైట్ల మధ్యలో కోస్తుంది, అప్పుడు చదివేవారికి మాట మధ్యలో నల్లటి ప్రశ్నార్థక గుర్తులు కనబడతాయి. అందరికీ పంపే ముందు జీమెయిల్, అవుట్‌లుక్, ఐఫోన్‌లలో ఒక్కొక్కసారి తెరిచి చూసుకోవడం తప్పనిసరి.

అక్షరాలు లెక్కపెట్టే పనిముట్లను కూడా నమ్మవద్దు. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, యంత్రానికి ఆరు గుర్తులు. యాభై అక్షరాలు దాటవద్దని చెప్పే సలహాలన్నీ ఇంగ్లీషు కోసం రాసినవి. ఫోను తెర వెడల్పును బట్టి కోస్తుంది కాబట్టి ఫోనులోనే చూడాలి.

పేరు పెట్టి పిలవడం మరొక చిక్కు. ‘ఫస్ట్ నేమ్’ గడిలో మనవారు చాలామంది ఇంటిపేరో, ఒక పొడి అక్షరమో రాస్తారు. ఆ గడిని నేరుగా సబ్జెక్టు లైనులోకి తెస్తే ‘కె గారూ, మీ కోసం కొత్త చీరలు’ అని వెళుతుంది. జాబితాను మనిషి కూర్చుని సరిచూసే ఓపిక ఉంటే తప్ప పేరు జోలికి పోకపోవడమే మేలు. మీ విషయంలో పేరు కంటే లోగడ కొన్న రకం ఎక్కువ పనిచేస్తుంది. నూలు చీర కొన్నవారికి నూలు, పట్టు కొన్నవారికి పట్టు గురించి రాయండి.

ఇక ‘ఉచితం’ అనే మాట ఉంటే మెయిలు స్పామ్‌లోకి పోతుందన్న భయం చాలామందికి ఉంది. ఒక్క మాట వల్ల అలా జరగదు. పంపినవారి చరిత్ర ఎక్కువ బరువు తూగుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలు కఠినమయ్యాయి. రోజుకు అయిదు వేలకు మించి పంపేవారికి ఎక్కువ షరతులు ఉన్నా, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్న సూచన అందరికీ వర్తిస్తుంది. మీ మూడు వేల మందీ జీమెయిల్ వాడేవారే అనుకుంటే, తొమ్మిది మంది స్పామ్ మీట నొక్కితే ఆ గీతకు చేరినట్టే. డాలస్‌అక్క గారికి వచ్చిన ‘మీ ఆర్డర్ గురించి’ వంటి లైను ఒక్కసారి పంపితే తొమ్మిది మందికి కోపం రావడం ఎంతసేపు?

తపాలాపెట్టె

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం లోపలి విషయం గురించి తప్పుదారి పట్టించే సబ్జెక్టు లైన్లను నిషేధిస్తుంది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో వచ్చిన స్పామ్ చట్టం ప్రకారం గ్రహీత సమ్మతి, పంపినవారి గుర్తింపు, జాబితా నుంచి తప్పుకునే వీలు ఉండి తీరాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని తప్పుదారి పట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడల) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న పదమూడింటిలో మొదటిది తప్పుడు తొందర కల్పించడం. సరుకు నిండుగా ఉండగా ‘రెండే మిగిలాయి’ అనడం, ప్రతి వారం పొడిగించే ఆఫర్‌ను ‘చివరి రోజు’ అనడం దాని కిందికే వస్తాయి.

గుంటమగ్గం గారికి అబద్ధపు తొందర అవసరమే లేదు. మిల్లు సరుకు అమ్మేవారు కొరతను కల్పించుకోవాలి, చేనేతలో అది పడుగుతోనే వస్తుంది. ఆరు చీరలే ఉన్నాయని చెప్పి, అవి అమ్ముడుపోయాక ఏడవది నిజంగా దొరకకపోతే, మరుసటి నెల ‘ఈ పడుగు మీద నాలుగే’ అన్నప్పుడు చదివేవారు నమ్ముతారు.

గుంటమగ్గం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో అందరమూ కూర్చుని చదివాము. వచ్చే రెండు నెలల మెయిళ్లకు ఈ లైన్లు అనుకుంటున్నాము, దయచేసి చూడండి.

పచ్చిమామిడి రంగు మళ్లీ మగ్గమెక్కింది, ఈసారి అయిదు చీరలు
మగ్గం కింద గుంట ఎందుకు?
వరలక్ష్మీ వ్రతానికి అమెరికా చేరాలంటే ఆర్డరుకు చివరి తేదీ ఇది
80వ నంబరు నూలు చీరలు, వేసవికి కొత్త రంగుల్లో

పంపినవారి పేరును మా దుకాణం పేరు, పక్కన ఊరి పేరు వచ్చేలా మారుస్తున్నాము. భాష ఎంచుకునే గడిని కూడా చేరుస్తాము.

కాపీరాత

మొదటి రెండూ అలాగే పంపండి, ఒక్క అక్షరం మార్చవద్దు. నాలుగోది బలహీనంగా ఉంది. ‘కొత్త రంగులు’ అన్నది మళ్లీ ఎవరైనా అనగలిగిన మాట. ఏ రంగులు? గోరింటాకు పచ్చా, నెమలికంఠమా? రెండు రంగుల పేర్లు చెప్పి ‘కొత్త’ తీసేయండి.

సర్వర్‌గది

సబ్జెక్టు లైను పక్కన లేతరంగులో కనబడే ప్రివ్యూ వాక్యాన్ని మరిచిపోవద్దు. దానిని మీరు రాయకపోతే ‘ఈ మెయిలు సరిగా కనబడకపోతే ఇక్కడ నొక్కండి’ అన్న మాట అక్కడికి వచ్చి కూర్చుంటుంది. పైన రంగు చెబితే అక్కడ ధర చెప్పండి. అయితే 2024 నుంచి కొన్ని కొత్త ఐఫోన్లు ఆ చోట తాము తయారుచేసిన సారాంశాన్ని చూపుతున్నాయి కాబట్టి, ఎట్టి పరిస్థితిలోనూ కనబడవలసిన సంగతిని సబ్జెక్టు లైనులోనే ఉంచండి.

డాలస్‌అక్క

మూడోదానిలో తేదీ ఏది? ‘చివరి తేదీ ఇది’ అంటే దాని కోసం తెరవాల్సి వస్తుంది, బస్సులోనో మీటింగులోనో ఉన్నవారు తరువాత చూద్దామని వదిలేసి మరిచిపోతారు. ‘జులై 25లోగా ఆర్డరిస్తే వ్రతానికి అమెరికా చేరుతుంది’ అని మీ కొరియరు లెక్క ప్రకారం సరైన తేదీ వేసి రాయండి. తేదీ చూస్తే కావలసినవారు అప్పటికప్పుడే తెరుస్తారు, నాలాంటివారు చెల్లెళ్లకు కూడా పంపుతారు. పచ్చిమామిడి రంగు అయిదింటిలో ఒకటి ఎంత పడుతుందో ప్రివ్యూలో తప్పకుండా రాయండి, నేను దాని కోసం చూస్తుంటాను.